నానిగాడు కూడా చచ్చిపోయాడా?

ప్రశ్న: నేను పిల్లల కథలు రాస్తాను. నా కథల్లో నానిగాడు అనే ఎనిమిదేళ్ల అల్లరి పిల్లాడు ఉంటాడు. వాడు మా తమ్ముడే. చిన్నప్పుడు తమ్ముడు చేసిన పనులకు కాస్త కల్పన జోడించి రాస్తూ వచ్చాను. ఐదు నెలల క్రితం వాడు గుండెపోటుతో హఠాత్తుగా పోయాడు. 38 ఏళ్లు. మా ఇల్లూ వాళ్ల ఇల్లూ ఒకే వీధిలో. శనివారం సాయంత్రాలు మా ఇంటి మెట్ల మీద కూర్చుని వీధి పిల్లలకు కథలు చెప్పేదాన్ని. ఇప్పుడు మానేశాను. మొన్న ఒక పిల్లాడు గేటు పట్టుకుని, "ఆంటీ, నానిగాడు కూడా చచ్చిపోయాడా?" అని అడిగాడు. జవాబు చెప్పలేక లోపలికి వచ్చేశాను. అప్పటి నుంచి వెనక గేటు నుంచే వెళ్లి వస్తున్నాను. ఇరుగుపొరుగు మంచివాళ్లే, కానీ కనబడ్డ ప్రతిసారీ "ధైర్యంగా ఉండాలి, మీ అమ్మను నువ్వే చూసుకోవాలి" అంటారు. ఒకావిడ దుఃఖానికి ఐదు దశలుంటాయని వాట్సాప్‌లో పంపారు. నేను ఏ దశలో ఉన్నానో నాకే తెలియడం లేదు. మేనకోడలికి ఆరేళ్లు. నాన్న ఊరెళ్లాడని దానికి చెప్పారు. అది నా దగ్గరికి వచ్చి "అత్తా, నాన్న చిన్నప్పటి కథ చెప్పు" అంటే గొంతు పూడుకుపోతుంది. పబ్లిషర్ తర్వాతి పుస్తకం అడుగుతున్నారు. సగంలో ఆగిన కథ ఒకటుంది. నానిగాడిని కథలో కూడా చంపేయాలా? ఏమీ జరగనట్టు నవ్విస్తూ రాయాలా? అసలు రాయడమే మానేయాలా?
(పేరు వద్దన్నారు)

సమాధానం:

తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషికి చెప్పే ఓదార్పు మాటలు ఈ ఐదు నెలల్లో మీరు బోలెడు విని ఉంటారు. నేను ఇంకొన్ని చేర్చను. మీరు అడిగిన మూడు ప్రశ్నలూ నానిగాడి గురించే. వాటికి వస్తాను. అయితే ముందు మీరు అడగని సంగతి ఒకటి మాట్లాడాలి. మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టిన వాక్యం అదే: పాపకు నాన్న ఊరెళ్లాడని చెప్పారు. పుస్తకం ఆర్నెల్లు ఆగుతుంది, రెండేళ్లయినా ఆగుతుంది. ఇది మాత్రం ఈ వారం దాటనివ్వకండి.

ఊరెళ్లినవాళ్లు తిరిగొస్తారు. ఆరేళ్ల పిల్ల ఆ మాటను ఉన్నదున్నట్టే తీసుకుంటుంది. అందుకే ఎదురుచూస్తుంది. చూసి చూసి, ఫోనైనా చేయడేం, నా మీద కోపమొచ్చిందా అనుకుంటుంది. రేపు వాళ్లమ్మ ఏదో పని మీద నిజంగానే ఊరెళ్లాల్సి వస్తే కాళ్లు పట్టుకుని వదలదు, ఎందుకలా ఏడుస్తోందో ఎవరికీ అర్థం కాదు. "నాన్న నిద్రపోయాడు" అని చెప్పిన ఇళ్లలో పిల్లలు పడుకోవడానికి భయపడతారు. పెద్దవాళ్లు మెత్తగా ఉంటుందని వాడే మాట పిల్లల బుర్రలో వేరే చోటికి పోతుంది.

ఇంకో సంగతి. మీ గేటు దగ్గరికొచ్చిన పిల్లాడికి మీ తమ్ముడు పోయాడని తెలుసు. అంటే వీధిలో పిల్లలందరికీ తెలుసు. తెలియనిది మీ పాపకొక్కదానికే. ఏదో ఒక రోజు ఆటలో మాటామాటా వచ్చి ఎవరో ఒకరు అనేస్తారు. ఆ మాట అమ్మ ఒళ్లో కూర్చుని వినాలా, వీధి మధ్యలో నిలబడి వినాలా అన్నది మాత్రమే ఇంకా మీ చేతుల్లో ఉంది.

పిల్లలకు చావు అర్థం కాదని పెద్దలు అనుకుంటారు, అలా అనుకుంటే మనకు సుఖం కాబట్టి. 1984లో మార్క్ స్పీస్, సాండోర్ బ్రెంట్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ విషయం మీద అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి పరిశీలించారు. చావును అర్థం చేసుకోవడమంటే మూడు సంగతులు తెలియడమని వాళ్లు వివరించారు. పోయినవాళ్లు తిరిగి రారు. పోయాక శరీరం ఏ పనీ చేయదు, దానికి ఆకలీ నొప్పీ ఉండవు. బతికున్న ప్రతి ప్రాణికీ ఇది తప్పదు. చాలామంది పిల్లలకు ఐదు నుంచి ఏడేళ్ల మధ్య ఈ మూడూ అర్థమవుతాయని తేల్చారు. మీ పాప సరిగ్గా ఆ వయసులో ఉంది. మీరు చెప్పినా చెప్పకపోయినా తనంతట తాను లెక్క కట్టుకుంటూనే ఉంటుంది. "నాన్న చిన్నప్పటి కథ చెప్పు" అని అడగడం కూడా ఆ లెక్కలో భాగమేమోనని నా అనుమానం.

చెప్పాల్సింది వాళ్లమ్మ. మీరు పక్కన కూర్చోండి. మీ మరదలు ఇప్పుడు నా వల్ల కాదంటే ఆవిడ వెనక నుంచి మీరు చెప్పేయకండి. మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి, కూతురితో ఏం మాట్లాడాలన్నదైనా ఆవిడ చేతిలో ఉండాలి. ఎలా చెప్పాలో తెలియకే వెనకాడుతుంటే మాత్రం మాటలు మీరు అందించండి, మాటలు మీ పనే కదా. నేనైతే ఇంచుమించు ఇలా చెప్పమంటాను: "నాన్న ఊరెళ్లాడని చెప్పాం కదా, అది నిజం కాదమ్మా. ఎలా చెప్పాలో తెలియక అలా అన్నాం. నాన్న చనిపోయాడు. నాన్న గుండె పనిచేయడం ఆగిపోయింది, డాక్టర్లు కూడా బాగుచేయలేకపోయారు. చనిపోయినవాళ్లు మళ్లీ రారు. నువ్వు అల్లరి చేసినందుకు కాదు, నువ్వు ఏం చేసినా చేయకపోయినా ఇలాగే జరిగేది. నేను నీ దగ్గరే ఉన్నాను, అత్త ఉంది, నాన్నమ్మ ఉంది." మీ ఇంటి నమ్మకాల ప్రకారం చెప్పుకునే మాటలు ఉంటే దీని తర్వాత చెప్పండి. ముందు చెబితే అసలు సంగతి వాటి వెనక దాక్కుంటుంది. నీ వల్ల కాదు అన్న ముక్క మాత్రం వదలకండి. ఆ వయసు పిల్లలు తమ మనసులో ఏం అనుకుంటే లోకంలో అదే జరుగుతుందని నమ్ముతారు. నాన్న మీద ఎప్పుడో కోపమొచ్చి "నువ్వు పో" అని ఉంటే, అది ఇప్పటికీ దాని కడుపులో ఉండొచ్చు.

చెప్పాక ఏమవుతుంది? రెండు నిమిషాలు ఏడ్చి మూడో నిమిషంలో బొమ్మ కావాలనొచ్చు. అసలు ఏడవకపోవచ్చు. మర్నాడు మళ్లీ "నాన్న ఎప్పుడొస్తాడు" అని అడగొచ్చు, అడిగితే అదే జవాబు అవే మాటలతో చెప్పండి. నాన్న చెప్పులు లేకుండా వెళ్లాడా అని, నాన్నకు అక్కడ కథలు ఎవరు చెబుతారని అడగొచ్చు. పిల్లల రచయితగా ఇలాంటి ప్రశ్నలు మీకు కొత్తేం కాదు. సొంత ఇంట్లో పిల్ల అడిగితే మాత్రం ఎవరికైనా కాళ్లూ చేతులూ ఆడవు. తెలియనిదానికి "తెలియదమ్మా" అనొచ్చు. స్కూల్లో టీచరుకు కూడా సంగతి చెప్పి ఉంచండి, అక్కడ కూడా అబద్ధం ఆడాల్సిన పని పాపకు ఉండదు.

ఇక గేటు పట్టుకున్న పిల్లాడు. ఈ ఐదు నెలల్లో మిమ్మల్ని సరైన ప్రశ్న అడిగింది వాడొక్కడే అని నాకనిపిస్తోంది. మిగతావాళ్లంతా మీకు ఏదో ఒకటి చెప్పారు, వాడు అడిగాడు. నానిగాడికీ మీ తమ్ముడికీ సంబంధం ఉందని వాడు కనిపెట్టాడు. ఒకరు పోతే రెండోవాడు కూడా పోతాడా అని తేల్చుకోవాలనుకున్నాడు. మీరు లోపలికి వెళ్లిపోయారు. వాడికి ఏం అర్థమై ఉంటుంది? నేను ఏదో తప్పు మాట అన్నాను, ఆంటీకి కోపమొచ్చింది అని. అందుకని వాణ్ణి పిలిచి ముందు ఆ భారం దించేయండి. "నువ్వు అడిగింది తప్పు కాదు నాన్నా. ఆ రోజు ఏడుపొచ్చి లోపలికి వెళ్లాను. చనిపోయింది మా తమ్ముడు. నానిగాడు కథలోవాడు, వాడు పుస్తకంలో ఉన్నాడు. నాకు తమ్ముడు గుర్తొచ్చి బాధగా ఉంది, అందుకే ఇప్పుడు కొత్త కథలు చెప్పలేకపోతున్నాను." ఇంతే. మధ్యలో మీకు కళ్లనీళ్లొస్తే రానివ్వండి. పెద్దవాళ్లు ఏడ్చి, తుడుచుకుని, మళ్లీ మామూలుగా మాట్లాడగలరని చూడటం వాడికీ మంచిదే.

శనివారం కథలు మళ్లీ మొదలుపెట్టమని నేను చెప్పను. మెట్ల మీద కూర్చోవాలనిపిస్తే ఊరికే కూర్చోండి, కథ పిల్లల్ని చెప్పమనండి. వాళ్లు చెప్పేవి ఎంత అడ్డదిడ్డంగా ఉంటాయో మీకు తెలుసు. అరగంట చాలు. అది కూడా వద్దనిపిస్తే వద్దు. వెనక గేటు వాడటం మీద కూడా నాకు పేచీ లేదు. ఒక్క మాట మాత్రం అడుగుతాను: వెనక గేటు నుంచి వెళ్లిన రోజు ఇంటికొచ్చాక మీకు హాయిగా ఉంటోందా, లేక రేపు ఎవరు కనబడతారో అన్న టెన్షన్ ఇంకా పెరుగుతోందా? హాయిగా ఉంటే కొన్నాళ్లు అలాగే కానివ్వండి. టెన్షన్ పెరుగుతుంటే, ఎవరూ పెద్దగా ఉండని వేళ చూసి ముందు గేటు నుంచి మొదలుపెట్టండి.

ఇరుగుపొరుగు "ధైర్యంగా ఉండాలి" అనేది ఎందుకంటే, ఏమనాలో తెలియక. ఎదురుపడ్డ నిమిషంలో ఏదో ఒకటి అనాలి, అలవాటైన మాట నోటికొస్తుంది. చాలామంది ఆ మాట అనేసి ఇంటికెళ్లి, ఛ, ఇంకేదైనా అని ఉండాల్సింది అనుకుంటారు. అయినా అది మీకు గుచ్చుకుంటోందన్నదీ నిజమే. ముఖ్యంగా "మీ అమ్మను నువ్వే చూసుకోవాలి" అన్న మాట. అందులో మీకు తమ్ముడు పోయిన సంగతే లేదు. తోడబుట్టినవాళ్ల దుఃఖానికి ఇది ఎప్పుడూ ఉన్న అన్యాయం: జనం తల్లిని చూస్తారు, భార్యను చూస్తారు, పిల్లల్ని చూస్తారు. అక్క మాత్రం అందరికీ మంచినీళ్లు అందించే మనిషి అయిపోతుంది. నిజానికి తమ్ముడి చిన్నతనాన్ని మీలాగా చూసినవాళ్లు ఇంకెంతమంది ఉన్నారు? వాడితో పాటు ఆ చిన్నతనానికి సాక్షి కూడా పోయాడు. ఇప్పుడు మీ చిన్నప్పటి సంగతి ఏదైనా సందేహమొస్తే అడగడానికి మనిషి లేడు. దాన్ని లెక్కపెట్టుకోండి, ఎవరూ లెక్కపెట్టకపోయినా.

వీధిలో మీకు బాగా నచ్చే మనిషి ఒకరుంటారు కదా, ఎక్కువ మాట్లాడకుండా పని చేసిపెట్టే రకం. ఆవిడకు ఒక పని అప్పగించండి: "నన్ను పలకరించమనండి, కానీ ధైర్యం చెప్పొద్దనండి. వాడి గురించి గుర్తున్న సంగతి ఏదైనా ఉంటే చెప్పమనండి." ఈ కబురు వీధి చివరిదాకా పోవడానికి ఎంతసేపు పడుతుందో నేను చెప్పక్కర్లేదు. జనానికి ఏం చేయాలో చెబితే వాళ్లకూ ఊపిరాడుతుంది. మీ తమ్ముడు ఎవరి బండి తోసి స్టార్ట్ చేశాడో, ఎవరి పిల్లకి లెక్కలు చెప్పాడో మీకు తెలియనివి బయటికొస్తాయి. మాట్లాడే ఓపిక లేని రోజుకు ఒక వాక్యం సిద్ధంగా పెట్టుకోండి: "ఇవాళ వాడి గురించి వద్దండీ, ఇంకేదైనా మాట్లాడదాం." నీళ్లు రాని సంగతో, వీధి దీపం సంగతో మాట్లాడండి. అలా మాట్లాడినంత మాత్రాన తమ్ముణ్ణి మర్చిపోయినట్టు కాదు. 1999లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ స్కుట్ అనే పరిశోధకులు దుఃఖంలో ఉన్నవాళ్ల రోజులు ఎలా గడుస్తాయో వివరిస్తూ దీన్నే చెప్పారు. మనిషి కాసేపు పోయినవాళ్ల తలపులో ఉంటాడు, కాసేపు బతుకు పనుల్లో పడతాడు, మళ్లీ తలపులోకి వస్తాడు. ఇలా అటూ ఇటూ తిరగడమే కోలుకునే తీరని వాళ్ల అభిప్రాయం. కాబట్టి వీధి దీపం గురించి పది నిమిషాలు గొడవపడి, ఇంట్లోకొచ్చి తమ్ముడి ఫొటో చూసి ఏడ్చారంటే మీకేదో అయిపోతోందని అనుకోకండి.

ఐదు దశల వాట్సాప్ మెసేజ్‌ను డిలీట్ చేసేయండి. ఎలిజబెత్ కూబ్లర్-రాస్ అనే సైకియాట్రిస్టు 1969లో ఆ ఐదింటి (నమ్మకపోవడం, కోపం, బేరమాడటం, కుంగుబాటు, ఒప్పుకోవడం) గురించి రాసింది నయంకాని జబ్బుతో చావుకు దగ్గరైన రోగులతో మాట్లాడి. తామే పోబోతున్నవాళ్ల మనసులో కనిపించిన సంగతులవి. తర్వాత అవి దుఃఖంలో ఉన్న ప్రతివాళ్లకూ పరీక్ష పేపరులా అంటగట్టబడ్డాయి. మీరు ఏ దశలోనూ లేకపోవచ్చు. ఒకే సాయంత్రం అన్నిట్లోనూ ఉండొచ్చు. పంపినావిడ మాత్రం మంచి మనసుతోనే పంపారు, ఒక నమస్కారం బొమ్మ పెట్టి వదిలేయండి.

ఇప్పుడు నానిగాడు.

చంపేయాలా అంటే, నేను వద్దంటాను. చంపాలనిపించడం ఎందుకో అర్థమవుతోంది. తమ్ముడు లేని లోకంలో వాడి అల్లరి మోసుకుని ఒక పిల్లాడు గోడలు దూకుతూ తిరగడం మీకు భరించరానిదిగా ఉంది. అయితే ఒకటి చూడండి. మీ తమ్ముడు పోయింది 38 ఏళ్లకు. నానిగాడికి ఎనిమిదేళ్లు. ఆ ఎనిమిదేళ్లవాణ్ణి కథలో చంపితే అది మీ తమ్ముడి కథ కూడా కాదు. మీ తమ్ముడు పెద్దయ్యాడు, ఉద్యోగం చేశాడు, పెళ్లి చేసుకున్నాడు, కూతుర్ని భుజాల మీద ఎక్కించుకుని ఈ వీధంతా తిప్పాడు. నానిగాడి చావు ఆ 30 ఏళ్లనూ కొట్టేస్తుంది. రేపు మీ మేనకోడలు ఆ పుస్తకం చదివితే, అందులో వాళ్లమ్మకు గానీ తనకు గానీ చోటే ఉండదు. పైగా నానిగాడిని చదివే పిల్లల్లో మీ వీధివాళ్లు గుప్పెడు మందే. మిగతా పిల్లలకు మీ తమ్ముడెవరో తెలియదు. నవ్వుకుందామని పుస్తకం తెరిచిన పిల్ల పదో పేజీలో నానిగాడి చావు చదివితే, ఆ పూట దాని పక్కన ఎవరుంటారో మీకేం తెలుసు? పిల్లల పుస్తకాల్లో చావు రాకూడదని నేను అనను. రావాలనే అంటాను. దానికోసం మొదటి పేజీ నుంచీ సిద్ధమైన పుస్తకంలో రావాలి.

ఏమీ జరగనట్టు నవ్విస్తూ రాయడం గురించి. నవ్వించే కథ రాస్తే అబద్ధం అవుతుందని మీరు భయపడుతున్నట్టున్నారు. మీ తమ్ముడు చిన్నప్పుడు మిమ్మల్ని నవ్వించింది ఐదు నెలల క్రితం జరిగినదానితో అబద్ధమైపోదు. ఇబ్బంది వేరే చోట ఉంది. ఇప్పుడు మీరు ఏది రాసినా వాడి గురించి కాబట్టి ఒక్క వాక్యం కూడా కొట్టేయలేరు. బాగా రాలేదని తెలిసినా చేయి రాదు. రాసినదాన్ని "ఇది పేలలేదు" అని నిర్దాక్షిణ్యంగా తీసి పారేసే చూపు మీకు తిరిగొచ్చాక నానిగాడు కూడా వస్తాడు. అదొక గుర్తుగా పెట్టుకోండి. సగంలో ఆగిన కథ కింద తేదీ వేసి, డ్రాయరులో పెట్టేయండి. దాన్ని పూర్తి చేయాలన్న మొక్కు పెట్టుకోకండి.

మీలాంటి పరిస్థితిలో పడ్డ ఇద్దరు పిల్లల రచయితల గురించి చెప్పాలి. బ్రిటన్‌కు చెందిన మైకేల్ రోజెన్ తన కొడుకు ఎడ్డీ చిన్నప్పటి చేష్టల మీద పిల్లలకు నవ్వొచ్చే కవితలు రాసేవారు. 1999లో ఎడ్డీ 18 ఏళ్ల వయసులో మెనింజైటిస్‌తో పోయాడు. ఆ దుఃఖం గురించి పిల్లల కోసం ఆయన రాసిన పుస్తకం, క్వెంటిన్ బ్లేక్ బొమ్మలతో, 2004లో వచ్చింది. మొదటి పేజీలో ఆయన నవ్వుతున్న బొమ్మ ఉంటుంది. ఇది నవ్వు కాదు, బాధగా కనిపిస్తే మీకు నేను నచ్చనేమోనని నవ్వుతున్నట్టు నటిస్తున్నాను అని కింద తానే చెప్పేస్తారు. మీరు వెనక గేటు నుంచి వెళ్లడానికి కారణం కూడా అదేనేమో చూసుకోండి. పాత నవ్వుల కవితలను ఆయన చెరిపేయలేదు, వాటిలోని పిల్లాణ్ణి చంపలేదు. వేరే పుస్తకం రాశారు, దానికి ఐదేళ్లు పట్టింది.

రెండో ఆవిడ అమెరికాకు చెందిన కేథరిన్ పేటర్సన్. 1974లో ఆవిడ కొడుకు డేవిడ్ స్నేహితురాలు, ఎనిమిదేళ్ల పాప, పిడుగు పడి పోయింది. ఆ దుఃఖం నుంచి పుట్టిన నవల 1977లో వచ్చింది, మరుసటి ఏడాది అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబరీ పతకం గెలుచుకుంది. మీకు పనికొచ్చేది మాత్రం ఆ పతకం కాదు, అంకితం పేజీ. ఈ పుస్తకం నా కొడుకు కోసం రాశాను, చదివాక వాడు ఆ పాప పేరు కూడా ఇక్కడ పెట్టమన్నాడు అని ఆవిడ అక్కడ రాశారు. అంటే అచ్చుకు వెళ్లకముందే పుస్తకం ఆ పిల్లాడి చేతికి వెళ్లింది. ఆ దుఃఖం మీద అందరికన్నా ఎక్కువ హక్కున్నవాడి మాట అందులో చేరింది.

మీ ఇంట్లో ఆ హక్కు మీ మేనకోడలిది, మీ మరదలిది. ఇన్నాళ్లూ నానిగాడు మీ సొంతం. మీ తమ్ముడు కూడా బతికుండి, చదువుకుని నవ్వుకునేవాడు, కాబట్టి ఎవరినీ అడగాల్సిన పని రాలేదు. ఇకమీదట నానిగాడి గురించి ఏది అచ్చేసినా ముందు మరదలికి చూపించండి. ఆవిడ వద్దన్న పేజీ తీసేయండి, కారణం అడక్కండి.

పాపకు మీరు చేయగలిగినది ఇంకొకటుంది, అది మీరు తప్ప ఇంకెవరూ చేయలేరు. దానికి ఇప్పుడు నాన్న ఎనిమిదేళ్ల వయసులో ఎలా ఉండేవాడో పుస్తకాల్లో దొరుకుతుంది. కానీ ఆ పుస్తకాల్లో సగం మీ కల్పన. పదిహేనేళ్లు వచ్చాక అది అడుగుతుంది: నాన్న నిజంగానే చెట్టెక్కి దిగలేక రాత్రిదాకా కూర్చున్నాడా, అది మీరు రాసిందా? అప్పటికి మీకే గుర్తుండకపోవచ్చు. రాసేవాళ్లకు తాము అల్లినది, జరిగినది కలిసిపోతాయి. అందుకని ఒక నోట్‌బుక్ తీసుకోండి. ఒక్కో నానిగాడి కథకు ఒక పేజీ. అసలు ఏం జరిగింది, ఎప్పుడు, అక్కడ ఇంకా ఎవరున్నారు, మీరు ఎంత కలిపారు అన్నది మామూలు మాటల్లో రాయండి. కథల్లోకి రానివి కూడా రాయండి. వాడు మీతో నెలల తరబడి మాట్లాడని రోజులుంటే అవీ, అబద్ధమాడి దొరికిపోయిన సంగతులుంటే అవీ. చనిపోయినవాళ్లు కొన్నాళ్లకే మచ్చలేని మనుషులైపోతారు, అలాంటి నాన్నతో పిల్లకు ఏం మాట్లాడాలో తెలియదు. మీ అమ్మగారిని కూడా అడిగి రాయండి. ఆవిడ మాట్లాడటానికి అదొక సాకవుతుంది.

అమ్మనో నాన్ననో కోల్పోయిన పిల్లలతో మాట్లాడి అధ్యయనం చేసిన ఫిలిస్ సిల్వర్‌మన్ గమనించింది ఇదే. పిల్లలు పోయినవాళ్లతో బంధం తెంచుకోరు. వాళ్ల వస్తువు దాచుకుంటారు, వాళ్లతో మనసులో మాట్లాడతారు, వయసు పెరిగేకొద్దీ ఆ బంధాన్ని కొత్తగా కట్టుకుంటూ పోతారు. 1996లో డెనిస్ క్లాస్, స్టీవెన్ నిక్‌మన్‌లతో కలిసి ఆవిడ తెచ్చిన పుస్తకం ఈ ఆలోచనకు దారి తీసింది. అంతకుముందు దశాబ్దాలుగా, పోయినవాళ్లను వదిలేసి ముందుకెళ్లడమే ఆరోగ్యమని నిపుణులు చెబుతూ వచ్చారు. కాబట్టి పాప "నాన్న చిన్నప్పటి కథ చెప్పు" అన్నప్పుడు చెప్పండి. నిజం తెలిశాక చెప్పండి. ముందు చెబితే, ఊరెళ్లిన నాన్న కథ అవుతుంది. గొంతు పూడుకుపోతే "ఇంతవరకే వచ్చింది, మిగతాది రేపు" అనండి. కథలు చెప్పే మీకు అది చేతకాని పని కాదు.

నోట్‌బుక్ పాప కోసం. మీ కోసం కూడా రాసుకోవాలనిపిస్తే అది వేరే కాగితం మీద. 1986లో జేమ్స్ పెన్నెబేకర్, సాండ్రా బీల్ అనే పరిశోధకులు కాలేజీ విద్యార్థుల చేత రోజుకు 15 నిమిషాల చొప్పున వరుసగా నాలుగు రోజులు, తమను బాగా కలచివేసిన సంగతి గురించి రాయించారు. రాసిన రోజు వాళ్ల మనసు ఇంకా బరువెక్కింది. తర్వాతి నెలల్లో మాత్రం వాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గింది. ఆ తర్వాత జరిగిన అధ్యయనాల్లో, ముఖ్యంగా దగ్గరివాళ్లను పోగొట్టుకున్నవాళ్ల విషయంలో, ఫలితం అందరికీ ఒకేలా రాలేదు. అందుకని దీన్ని మందు అనుకోకండి. మేలనిపిస్తే రాయండి, లేకపోతే వదిలేయండి. ఒక్కటే షరతు: అది ఎవరికీ చూపించే రాత కాకూడదు. మీలాంటివాళ్లకు కష్టం అక్కడే. నాలుగో వాక్యానికే మంచి ముగింపు వెతకడం మొదలుపెడతారు.

ఎప్పుడో ఒకరోజు చావు గురించి పిల్లల కథ రాయాలనిపిస్తే, నానిగాడు లేని కథ రాయండి. మీ వీధే మీకు దారి చూపిస్తుంది. ఒక మనిషి పోతే పిల్లలకు మొదట కనబడేది చిన్న చిన్న లోట్లు. చెట్టులో ఇరుక్కున్న బంతిని తీసిచ్చే మనిషి లేడు. రోజూ అదే వేళకు వినిపించే బండి చప్పుడు లేదు. పెద్దవాళ్లు ఎవరో వస్తే గుసగుసగా మాట్లాడుకుంటున్నారు, తను రాగానే ఆపేస్తున్నారు. అక్కడి నుంచి మొదలుపెడితే కథలో ఓదార్పు చెప్పే తాతగారి అవసరం ఉండదు.

మీ ఆరోగ్యం గురించి కాస్త. ఐదు నెలలంటే ఇంకా పచ్చి గాయమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో, అది 2022 జనవరి నుంచి అమల్లో ఉంది, దీర్ఘకాల దుఃఖాన్ని చికిత్స అవసరమైన సమస్యగా చేర్చారు. ఆరు నెలలు దాటినా పోయినవాళ్ల కోసం తపన ఏమాత్రం తగ్గకుండా, రోజువారీ పనులు, మనుషులతో సంబంధాలు సాగనివ్వకుండా ఉంటే ఆ మాట వాడతారు. అమెరికా సైకియాట్రిస్టులు పెద్దవాళ్ల విషయంలో 12 నెలలు చూస్తారు. ఈ అంకెలు మిమ్మల్ని తొందరపెట్టడానికి చెప్పలేదు. వెనక గేటు ఇంకో ఏడాది వెనక గేటుగానే ఉండిపోతే మాత్రం ఒక కౌన్సిలర్‌ను కలవండి. నిద్ర, తిండి పూర్తిగా దెబ్బతిన్నా, నేను కూడా పోతే బాగుండు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగకండి, ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మిగిలింది పబ్లిషర్. ఆయనకు ఇప్పటిదాకా మీరు "రాస్తున్నానండీ" అని చెబుతూ వచ్చారని నా ఊహ. ఇవాళే రెండు వాక్యాలు పంపించండి: "నానిగాడి కథలకు ప్రేరణ మా తమ్ముడు, వాడు ఐదు నెలల క్రితం పోయాడు. కొత్త పుస్తకం ఎప్పుడు ఇవ్వగలనో ఇప్పుడు చెప్పలేను, తేదీ పెట్టుకోవద్దు." అడ్వాన్స్ తీసుకుని ఉంటే దాని సంగతి ఏం చేద్దామో కూడా మీరే అడగండి, ఆయన అడిగేదాకా ఆగకండి. ఈలోగా పాత కథలనే మళ్లీ ముద్రిస్తామంటే మరదలిని అడిగి జవాబు చెప్పండి. ఆవిడ సరేనంటే ముందుమాట మాత్రం మీరు రాయకండి, ఇప్పుడే కాదు.